మాండలిక పదపట్టికయందలి గడుల రకములు: చేతిఫోను ప్రదర్శనమును గూర్చిన విచారణ

భాషాశాఖలలో పదసేకరణము చేయువారికి రెండు పనులు కలవు. వక్త నోటినుండి విన్న పదమును చీటీపై తప్పులేకుండ వ్రాసికొనుట మొదటిది. ఆ చీటీలోని విషయమును పాఠకుని కన్నుల యెదుట తప్పులేకుండ నిలుపుట రెండవది. మొదటి పనికి మనకు చక్కని సంప్రదాయము ఏర్పడియున్నది. భద్రిరాజు కృష్ణమూర్తిగారు సంపాదకులుగా ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో వెలువరించిన మాండలిక వృత్తిపదకోశము వ్యవసాయ సంపుటమును, 1971లో వెలువడిన చేనేత సంపుటమును ఆ సంప్రదాయమునకు ఆధారములు. రెండవ పనిని మాత్రము మనము చాలకాలము అచ్చుకూటమునకు విడిచితిమి. ప్రధానపదము లావు అక్షరములలో నుండవలెననియు, ప్రయోగవాక్యము వేరుగా కనబడవలెననియు, ప్రాంతసంకేతము అర్థముతో కలిసిపోరాదనియు సంపాదకుడు చెప్పగా, కంపోజిటరు తన అరలలోని అక్షరములను ఏరి కూర్చెడివాడు.

నేడు పదకోశము చేతిఫోనులోనికి ప్రవేశించినది. కంపోజిటరుండిన చోట ప్రోగ్రామరు కూర్చున్నాడు. అతడు పాఠకునికి చూపునది పుట కాదు. వ్రేలితో త్రోసినకొలది జరుగుచు పోవు పట్టిక. ఆ పట్టికలోని ఒక్కొక్క వరుసను అతడు సెల్ అనును. ఈ వ్యాసమున మేము దానిని గడి యందుము. గడులన్నియు ఒకే రూపమున నుండవలెనా, విషయమునుబట్టి వేర్వేరు రకముల గడులను నిర్మింపవలెనా, నిర్మించినచో వానిని ఎట్లు వాడవలెను అనునవి పైకి యంత్రవిద్యకు చెందిన ప్రశ్నలుగా దోచును. కాని కొంత లోతుగా చూచినచో ఇవి పాఠపరిష్కరణమునకు చెందిన ప్రశ్నలే యని తేలును. వ్రాయసకాని చేతిలో ఒక తాళపత్ర గ్రంథము ఎట్లు చెడునో, గడుల నిర్మాణము తెలియని చేతిలో ఒక పదపట్టిక అట్లే చెడును. కావున పరిశోధకులు ఈ విషయమును సూత్రప్రాయముగనైనను ఎరిగియుండుట మేలని తలచి దీనిని వ్రాయుచున్నాము.

1. ఉదాహరణక్షేత్రము

విషయము స్పష్టపడుటకు ఒక క్షేత్రమును గ్రహింతము. మదనపల్లె, పుంగనూరు, కుప్పము అను మూడు పట్టణములును, వాని చుట్టుపట్ల పల్లెలును ఇందుకు మిక్కిలి తగినవి. మదనపల్లె 1915లో బిసెంటు దివ్యజ్ఞాన కళాశాల వెలసిన విద్యాస్థానము. దాని సమీపమున నున్న చిప్పిలి ప్రాచీన తెలుగు శాసనములకు పేరుపొందినది. పుంగనూరు పూర్వము జమీ. ఆ పేరుగల పొట్టి పశుజాతి మూపు వద్ద సుమారు 70 నుండి 90 సెంటీమీటర్ల ఎత్తు మాత్రమే యుండి లోకప్రసిద్ధమైనది. కుప్పము కన్నడ, తమిళ దేశములు రెండింటిని ఒరసికొనియున్న ఊరు. ద్రావిడభాషల అధ్యయనమునకై 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము అచట స్థాపింపబడుటకు ఈ ఉనికియు ఒక కారణము.

ఈ మూడూళ్లలోను పల్లెలలోను వ్యవసాయపదములను, గృహోపకరణముల పేర్లను సేకరించి ఫోనులో పట్టికగా చూపదలచితిమి అనుకొందము. రాయలసీమలో మడక యనుదానిని కోస్తావారు నాగలి యందురు. ఇచట అలసందలు, అచట బొబ్బర్లు. ఇచట రాగులు, కోస్తాలో చోళ్లు, తెలంగాణమున తైదలు. ఇట్టి పదములకు కొన్నింటికి అర్థము మాత్రమే యుండును. కొన్నింటికి వక్త చెప్పిన వాక్యమును, అతని కంఠధ్వనియు నుండును. పనిముట్టుల పేర్లకు చిత్రము కావలెను. కుప్పము ప్రాంతపు పదములకు పెక్కింటికి కన్నడ, తమిళ రూపములను ప్రక్కన చూపక తప్పదు. కొన్ని పదములు ప్రాచీన శాసనములలోను, కొన్ని పద్యకావ్యములలోను కనబడును. ఆ పాఠములను కూడ జోడింపవలసియుండును. ఇన్ని విధముల సామగ్రి ఒకే పట్టికలో ఒకదాని వెంట ఒకటిగా రావలెను. మన సమస్య ఇదియే.

2. పట్టిక పనిచేయు తీరు

చదువరి చూచునపుడు పట్టికలో వేలకొలది వరుసలున్నట్లు తోచును. కాని ఫోను అంతటి పట్టికను నిర్మింపదు. అయిదువేల పదములున్న పట్టికలో ఒకసారికి కంటికి కనబడునవి పది వరుసలైనచో, యంత్రము నిర్మించునవి పదియో పండ్రెండో గడులు మాత్రమే. చదువరి పట్టికను మీదికి త్రోయగా పై అంచున ఒక గడి మరుగుపడును. దానిని పారవేయక, అందలి పాతవిషయమును తీసి క్రొత్తవిషయమును నింపి, క్రింది అంచున మరల ప్రవేశపెట్టుదురు. ఫోనులో స్మృతిస్థానము పరిమితమగుటయు, త్రోపువేగమునకు తగినట్లు గడులు తడబాటు లేక రావలసియుండుటయు ఈ పద్ధతికి కారణములు.

మదనపల్లె ప్రాంతపు వృద్ధరైతులకు కపిల తెలియును. బావిలో ఎంత నీరున్నను బాన ఒక్కటియే. అది నిండి పైకి వచ్చును. కాలువలో కుమ్మరింపబడి మరల దిగును. గడియు అట్టిదే. భేదమేమనగా, బాన తోడునది ఎల్లప్పుడు నీరే. గడి తోడునది మాత్రము ఒకసారి పద్యము, ఒకసారి చిత్రము, ఒకసారి శాసనపాఠము. ఒకే బానతో నీటిని, ధాన్యమును, నూనెను తోడరాదు. అందుచేతనే వేర్వేరు రకముల గడులు అవసరమగుచున్నవి.

2008లో యాపిల్ సంస్థ తన ఐఫోనునకై ఇతరులు ప్రోగ్రాములు వ్రాయుటకు అవకాశము కల్పించినపుడే ఈ పట్టికాపద్ధతి యుండెను. దానికి టేబుల్ వ్యూ అని పేరు. పట్టిక తనంత తాను ఏమియు నెరుగదు. అది ప్రోగ్రామునకు ప్రశ్నలు వేయును. వరుసలెన్ని? ఈ వరుసకు ఏ గడిని పెట్టవలెను? దాని యెత్తెంత? ఈ మూడు ప్రశ్నలకు ప్రోగ్రాము చెప్పు సమాధానములే పట్టిక. రెండవ ప్రశ్నకు సమాధానము చెప్పునపుడు ప్రోగ్రాము ఒక పేరుతో గడిని అడుగును. ఆ పేరును రీయూజ్ ఐడెంటిఫయర్ అందురు. పునర్వినియోగసంకేతమని మనము చెప్పుకొనవచ్చును. చిత్రపు గడులు ఒక పేరుతోను, పద్యపు గడులు మరియొక పేరుతోను వేర్వేరు కుప్పలలో నుండును. పద్యపు గడి కావలెనన్నచో పద్యపు కుప్పనుండియే అది తీయబడును. కుప్పలో ఖాళీ గడి లేనిచో క్రొత్తది నిర్మింపబడును.

సంస్థవారే సిద్ధపరచి యిచ్చిన గడిరూపములు నాలుగు కలవు. శీర్షికమాత్రము గలది ఒకటి. శీర్షిక ఎడమను, వివరము కుడిని గలది ఒకటి. శీర్షిక సంకుచితముగ ఎడమనుండి దాని ప్రక్కనే వివరము వచ్చునది ఒకటి. శీర్షిక క్రింద వివరము చిన్న అక్షరములతో వచ్చునది ఒకటి. పేరును, దూరవాణి సంఖ్యయు చూపుటకు ఇవి చాలును. మాండలికపదమునకు ఇవి చాలవు. ప్రోగ్రామరు స్వయముగా నిర్మించుకొను గడులను కస్టమ్ సెల్ అందురు. ఇక మేము చెప్పునదంతయు వానిని గూర్చియే.

3. రకముల నిర్ణయము

ఎన్ని రకములు కావలెనను ప్రశ్నకు రెండు తప్పు సమాధానములు కలవు. ఒక్క రకమే చాలునని, అందులో చిత్రమునకు, పద్యమునకు, ధ్వనికి, మూడుభాషల రూపములకు అన్నింటికి చోటు కల్పించి, అక్కరలేనివానిని ఆయా సమయములందు దాచుట మొదటి తప్పు. ఇట్టి గడి అన్ని సామానులను మోయు బండివంటిది. బరువెక్కువ, వేగము తక్కువ. దాచవలసినదానిని దాచుట మరచినచో ఒక పదము క్రింద మరియొక పదపు సామగ్రి ప్రత్యక్షమగును. ఊరికొక రకము, వృత్తికొక రకము చొప్పున పదులకొలది గడులను నిర్మించుట రెండవ తప్పు. మదనపల్లె పదమునకును పుంగనూరు పదమునకును గడినిర్మాణమున భేదమేమియు లేదు; ఊరిపేరు మారినది, అంతే.

దీనినుండి ఒక సూత్రము లభించుచున్నది. నిర్మాణము మారినచో రకము మారవలెను. విలువ మాత్రమే మారినచో రకము మారరాదు. ఊరు విలువ. వక్త వయస్సు విలువ. పదము నామమా, క్రియయా అనునది విలువ. వాక్యమునకు ధ్వని తోడగుట నిర్మాణము. పాఠమునకు పంక్తిసంఖ్యలుండుట నిర్మాణము. మూడు భాషారూపములు సమానగౌరవముతో ప్రక్కప్రక్కన నిలుచుట నిర్మాణము. ఈ సూత్రము ననుసరించి మన పట్టికకు ఆరు రకముల గడులు చాలును: పదార్థపు గడి, ప్రయోగపు గడి, చిత్రపు గడి, పద్యపు గడి, శాసనపు గడి, త్రిభాషా గడి.

ఇందు చివరి మూడింటికి కొంత వివరణము కావలెను. పద్యపు గడి సాధారణ వాక్యపు గడి వంటిది కాదు. ఉత్పలమాల పాదమున 20, చంపకమాల పాదమున 21 అక్షరములుండును. చదువదగిన పరిమాణమున అన్ని అక్షరములు ఫోను వెడల్పులో నిముడవు. సాధారణపు గడి పంక్తిని చోటు చాలినంతవరకు నింపి, మిగిలినదానిని క్రింది పంక్తి మొదటికి దించును. పాదమధ్యమునందలి అక్షరము పంక్తి మొదట నిలుచును. ప్రాసస్థానము పాదమున రెండవ అక్షరము గదా! విద్యార్థి పంక్తి మొదట దానిని వెదకి, ప్రాస తప్పినదని భ్రమపడును. కావున పద్యపు గడిలో పాదశేషమును కొంత లోపలికి జరిపి చూపవలెను. లేదా పాదమును విరువక, వ్రేలితో ప్రక్కకు త్రోసి చదువుకొను ఏర్పాటు చేయవలెను.

శాసనపు గడిలో పంక్తిసంఖ్య రాతికి చెందినది, ఫోనుకు చెందినది కాదు. వెడల్పు చాలక పంక్తి విరిగినను క్రొత్తసంఖ్య రాకూడదు. శిథిలమైన అక్షరములకు ఉంచిన చుక్కలు విరామచిహ్నములుగా మారి కుదించుకొనిపోరాదు. మరియు ప్రాచీనశాసనములలో చోఴ మొదలగు పదములందు కనబడు ఴకారము అన్ని ఫాంటులలోను లేదు. యూనికోడులో తెలుగు అక్షరములకు 1991నుండియే స్థానమున్నను, ఈ అక్షరము 2014లో గాని చేరలేదు. ఆ అక్షరము లేని ఫాంటులో దాని స్థానమున ఖాళీ పెట్టె కనబడును. కనుక ఈ రకపు గడికి ఆ అక్షరము గల ఫాంటును ప్రత్యేకముగ నిర్దేశింపవలెను.

త్రిభాషా గడికిని ఇదే అక్షరము అవసరము. రాగులకు కన్నడమున రాగి, తమిళమున కేఴ్వరగు. అలసందలకు కన్నడమున అలసందె; తమిళమున కారామణి. తమిళ ఴకారమును ళకారముగ వ్రాసినచో పోల్చిచూచు విద్యార్థికి ధ్వనిభేదము తెలియకుండపోవును. ఈ గడిలో మూడు రూపములును ఒకే పంక్తిలో నుండవలెనా, ఒకదానిక్రింద ఒకటి యుండవలెనా యనునది అక్షరపరిమాణమునుబట్టి మారవచ్చును. కాని ఏ రూపము ఏ భాషదో తెలుపు సంకేతము ఎప్పుడును రూపమునుండి విడిపోరాదు. కుప్పము వక్త నోట తమిళరూపమే తెలుగుపదముగ వినబడవచ్చును. అట్టిచోట భాషాసంకేతమే విచారణకు మూలము.

4. రకమును తెలుపవలసినది ఎవరు?

ఒక వరుసకు ఏ రకపు గడి కావలెనో నిర్ణయించుటకు క్రొత్తగా నేర్చుకొనువారు వరుససంఖ్యను ఆశ్రయింతురు. మొదటి వరుసకు చిత్రము, రెండవదానికి అర్థము, మూడవదానికి పద్యము అని వ్రాసికొందురు. పట్టిక కదలనంతవరకు ఇది చక్కగనే కనబడును. చదువరి కుప్పము పదములను మాత్రమే చూపుమని కోరగానే వరుసలు తగ్గి సంఖ్యలన్నియు మారును. అపుడు పద్యపు గడిలో ధ్వనిపత్రపు పేరును, చిత్రపు గడిలో అర్థమును వచ్చి కూర్చుండును. లేదా ప్రోగ్రామే ఆగిపోవును.

రకము విషయమునందే నిక్షిప్తమై యుండవలెను. ప్రతి చీటీకిని ఎన్నడు మారని సంఖ్య యొకటి, రకమును తెలుపు మాట యొకటి సేకరణకాలమునందే యుండవలెను. పట్టిక ప్రశ్నించినపుడు ప్రోగ్రాము ఆ వరుసలోని చీటీని చూచి, అది చెప్పిన రకపు గడిని ఇచ్చును. వరుససంఖ్య చీటీని కనుగొనుటకు మాత్రమే పనికివచ్చును. 2019లో వచ్చిన ఐఓఎస్ 13వ సంపుటమునుండి పట్టికలను వరుససంఖ్యతో గాక విషయపు స్వసంకేతముతో నడుపు ఏర్పాటు కూడ కలిగినది. చీటీలకు స్థిరసంఖ్య లిచ్చు మన పాత పద్ధతికిని దీనికిని భావమున భేదము లేదు.

ఊరిపేరును గూర్చియు ఇచట ఒక మాట చెప్పవలెను. 1911కు పూర్వము మదనపల్లె కడపజిల్లాలోనిది. పుంగనూరు జమీయు, కుప్పము చేరియున్న కంగుంది జమీయు ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివి. 1911లో చిత్తూరుజిల్లా ఏర్పడినపుడు మూడును అందు చేరినవి. 2022 ఏప్రిలులో జరిగిన పునర్విభజనమున మదనపల్లె అన్నమయ్య జిల్లాకు పోయినది. జిల్లాపేరును గడిలోనే అచ్చొత్తినట్లు వ్రాసినచో ప్రతి విభజనకును పట్టిక అబద్ధమాడును. చీటీలో ఊరు, సేకరించిన సంవత్సరము ఉండవలెను. జిల్లాను వేరుగ నుంచి, ఆ సంవత్సరమునుబట్టి గడి నింపునపుడు జోడింపవలెను. 1962 నాటి సంపుటమందలి చిత్తూరును నేటి చిత్తూరుతో పోల్చు విద్యార్థికి ఈ జాగ్రత్త ఎంత అవసరమో వేరుగ చెప్పనక్కరలేదు.

5. మిగిలిపోయిన విషయము

గడిని మరల వాడుటయందు గల పెద్ద ప్రమాదము పాతవిషయము మిగిలిపోవుట. ఒక ప్రయోగపు గడిలో పుంగనూరు అని ఊరిపేరు, ధ్వని వినుటకు గుర్తు ఉన్నవి. అది పైకిపోయి క్రింద మరల వచ్చినది. క్రొత్తచీటీలో ఊరిపేరు వ్రాయబడలేదు, ధ్వనియు లేదు. ఊరిపేరున్నచో వ్రాయుము అని మాత్రమే ప్రోగ్రామరు చెప్పి, లేనిచో తుడువుము అని చెప్పనందున పాత పుంగనూరు అట్లే నిలిచినది. చదువరికి ఆ పదము పుంగనూరులో సేకరింపబడినట్లు కనబడును. ధ్వనిగుర్తును నొక్కినచో మరియొక వక్త కంఠము వినబడును.

దుకాణపు జాబితాలో ఇట్టి పొరపాటు జరిగినచో కొనువాడు మరల అడుగును, దిద్దుకొందురు. పదపట్టికలో అడుగువారు లేరు. ఒక పదము ఏ ఊరిలో వాడుకలో నున్నదనునదే మాండలికశాస్త్రమునకు ప్రమాణము. ఆ ఊరిపేరునుబట్టి పదవ్యాప్తిరేఖలు గీయుదుము. ఆ రేఖలనుబట్టి భాషాచరిత్రను ఊహింతుము. పైగా ఈ దోషము స్థిరముగ నుండదు. పట్టికను మెల్లగ త్రోసినపుడు కనబడక, వేగముగ త్రోసినపుడు కనబడును. మరల చూచినచో మాయమగును. అచ్చుతప్పునకు తప్పొప్పుల పట్టిక వేయవచ్చును. దీనికి ఏ పట్టిక వేయుదుము? కపిల పదజాలము వంటివానిని చెప్పగల వృద్ధులు విద్యుత్ పంపులు వచ్చిన పిమ్మట రానురాను తగ్గిపోవుచున్నారు. సందేహము కలిగినపుడు మరల వెళ్లి అడుగుటకు అందరును ఉండరు.

దీనికి పరిహారము సులభమే. గడిని నింపునపుడు అందలి ప్రతి అంగమునకును ఒక విలువ నీయవలెను. విలువ లేనిచో లేదని స్పష్టముగ చెప్పి దానిని శూన్యము చేయవలెను. ఉన్నచో, లేనిచో అను రెండు పక్షములును ప్రతిచోట నుండవలెను. గడి మరల వాడుకకు వచ్చుటకు ముందు దానిని శుభ్రపరచుటకై ప్రిపేర్ ఫర్ రీయూజ్ అను ప్రత్యేకసందర్భము నిర్మాతలచేతనే కల్పింపబడియున్నది. రకములను వేరుచేయుటవలన ఈ ప్రమాదము కొంత తగ్గును. చిత్రమే లేని రకమున పాతచిత్రము మిగులదు గదా. కాని ఒకే రకపు రెండు గడుల నడుమ ప్రమాదము నిలిచియే యుండును.

చిత్రపు గడిలో ఇది మరింత సూక్ష్మము. చిత్రము దూరపు యంత్రమునుండి రావలెను, కొంత ఆలస్యమగును. మడక చిత్రమునకై కబురు పంపిన గడి, చిత్రము వచ్చులోపల పైకిపోయి, గుంటక గడియై క్రింద వచ్చినది. అపుడు మడక చిత్రము వచ్చి గుంటక అను పేరు క్రింద నిలుచును. పనిముట్టులను ఎన్నడు చూడని నగరపు విద్యార్థి దానినే గుంటకయని నేర్చుకొనును. కావున చిత్రము వచ్చిన పిమ్మట, ఆ గడి ఇంకను అదే చీటీసంఖ్యను చూపుచున్నదా యని సరిచూచి, చూపుచున్నచో మాత్రమే పెట్టవలెను. లేదా గడి మరుగుపడగనే పాతకబురును రద్దు చేయవలెను. సరిచూచుటకు స్థిరమైన చీటీసంఖ్య లేనిచో ఈ పని సాధ్యము కాదు.

6. ఒత్తులును గడి యెత్తును

పట్టిక అడుగు మూడవ ప్రశ్న యెత్తును గూర్చినది. ఐఫోనులో మొదటినుండి వాడుకలోనున్న వరుసయెత్తు 44 పాయింట్లు. రోమను లిపికి అది సరిపోవును. తెలుగున గుడులు, ఏత్వములు మీదికి పోవును. ఒత్తులు క్రిందికి దిగును. రాష్ట్రము, స్త్రీ వంటి పదములలో ఒత్తుక్రింద ఒత్తు చేరును. యెత్తు చాలనిచో గడి క్రింది అంచు ఒత్తును కోసివేయును. ఒత్తు పోయినచో అందము మాత్రమే పోదు. కల్ల కలయగును, గద్ద గదయగును, గుడ్డి గుడియగును. మిగిలినది కూడ తెలుగుపదమే యగుటచేత చదువరికి అనుమానము కలుగదు. తాళపత్రపు అంచు విరిగినచో విరిగినట్లు తెలియును. ఇది తెలియని విరుపు.

2014లో వచ్చిన ఐఓఎస్ 8వ సంపుటమునుండి గడి తన యెత్తును తానే నిర్ణయించుకొను పద్ధతి ఏర్పడినది. అందులకు ఒక నియమము కలదు. గడి పై అంచునుండి క్రింది అంచువరకు ప్రతి అంగమునకును దాని తరువాతిదానితో దూరసంబంధము తెగకుండ చెప్పబడవలెను. నడుమ ఎచటనైన తెగినచో గడి తన యెత్తును లెక్కింపలేదు. అక్షరములను పెద్దవి చేసికొని చదువు వృద్ధులను కూడ మనస్సున నుంచుకొని ప్రతి రకపు గడిని గరిష్ఠపరిమాణమున పరీక్షింపవలెను. పదార్థపు గడి బాగుగ నున్నది గనుక పద్యపు గడియు బాగుగ నుండునని ఊహింపరాదు. ప్రతి రకమునకును యెత్తు వేరు, పరీక్ష వేరు.

తెలుగు కూర్పు ఫోనులకు ఎంత సున్నితమో 2018 ఫిబ్రవరిలో లోకమునకు తెలిసినది. జకారము, హల్లుగుర్తు, ఞకారము, అక్షరములను కలియనీయని ఒక కనబడని సంకేతము, పిదప దీర్ఘము అను వరుసతో కూడిన ఒక కూర్పు కంటబడగనే ఐఓఎస్ 11 గల ఫోనులలో ప్రోగ్రాములు ఆగిపోయినవి. ఆ అక్షరము గల సందేశమున్న జాబితాను తెరచుటయే కష్టమైనది. 2018 ఫిబ్రవరి 19న వెలువడిన 11.2.6 సవరణతో దోషము తొలగినది. ఇందలి పాఠము మనకు ముఖ్యము. పట్టికలో ఒక్క గడి కూలినచో తక్కిన వేలపదములును అందకుండపోవును. ఎవరి భాషలో పరీక్ష జరుగదో వారి భాషకే ఆ కీడు ముందుగ తగులును. తెలుగు గడులను తెలుగు తెలిసినవారు, కఠినమైన తెలుగు పదములతోనే పరీక్షింపవలెను.

7. ఆండ్రాయిడ్ పద్ధతి

ఇంతవరకు ఐఫోను పరిభాషనే వాడితిమి. మన విద్యార్థులలో పెక్కుమంది చేతనుండునవి ఆండ్రాయిడ్ ఫోనులు. అందును సూత్రము ఇదే. మొదట లిస్ట్ వ్యూ అనునది యుండెను. 2014లో రీసైక్లర్ వ్యూ అనునది వచ్చినది. రీసైక్లర్ అను పేరే గడిని మరల వాడు ధర్మమును చాటుచున్నది. ఇచట గడిరకమునకు పేరునకు బదులు ఒక అంకె నీయుదురు. గడిని నిర్మించుట ఒక ఘట్టముగను, దానిని విషయముతో నింపుట వేరొక ఘట్టముగను స్పష్టముగ విభజింపబడియున్నవి. గడిలోని అంగములను పట్టియుంచు వస్తువును వ్యూ హోల్డర్ అందురు, రకమునకొక హోల్డరు. పాతవిషయము మిగులుట, ఆలస్యముగ వచ్చు చిత్రము, ఒత్తులు తెగుట అను మూడు ప్రమాదములును ఇచటను గలవు. కావున రకములను నిర్ణయించు పట్టికను ఒకమారు సిద్ధపరచుకొన్నచో రెండు విధముల ఫోనులకును అదియే పనికివచ్చును.

8. తెలుగుశాఖలు చేయవలసినది

రకములను నిర్ణయించుట ప్రోగ్రామరు పని కాదని ఇంతవరకు చెప్పినదానిచే స్పష్టమగుచున్నది. పాదశేషము ప్రాసస్థానమును చెరుపునని అతనికి తెలియనక్కరలేదు. శాసనమందలి చుక్కకును వాక్యాంతమందలి చుక్కకును గల భేదమును అతడు చదువుకొని యుండడు. అది చెప్పవలసినవారము మనము. సేకరణకు బయలుదేరుటకు ముందే గడుల రకములను కాగితముపై గీసికొని, ఒక్కొక్క రకమున ఏ అంగములు తప్పక యుండవలెనో, ఏవి లేకున్నను సరిపోవునో, లేనప్పుడు ఆ చోట ఏమి కనబడవలెనో వ్రాసి ఇయ్యవలెను. అట్లు చేసినచో చీటీల నిర్మాణమును మెరుగగును. ఏ వివరమును అడుగుట మరచితిమో వక్త యెదుట నుండగనే తెలియును.

పట్టిక సిద్ధమైన పిమ్మట చేయవలసిన పరీక్షయు కష్టమైనది కాదు. ఆరు రకముల చీటీలను కలగలిపి, అందు కొన్నింటికి ఊరిపేరు, కొన్నింటికి ధ్వని, కొన్నింటికి చిత్రము లేకుండ ఏర్చుకొనవలెను. కల్ల, గద్ద, గుడ్డి, రాష్ట్రము, జ్ఞానము, చోఴ వంటి పదములను అందు చేర్చవలెను. పట్టికను వేగముగ క్రిందికి, మీదికి పలుమార్లు త్రోసి, ఒక్కొక్క ఊరిని విడివిడిగ కోరి, అక్షరములను పెద్దవి చేసి, ప్రతిసారి తెరపై కనబడుదానిని చేతనున్న మూలచీటీతో సరిచూడవలెను. ఇద్దరు విద్యార్థులు కూర్చుండి, ఒకరు చదువగా ఒకరు చీటీని చూచుట మేలు. ప్రూఫులు దిద్దు పాత పద్ధతియే ఇది. కదలని పుటకు బదులు కదలు పట్టికను దిద్దుచున్నాము.

కుప్పము పదము కుప్పము పేరుతోను, పుంగనూరు పదము పుంగనూరు పేరుతోను, మదనపల్లె వృద్ధుని కంఠము అతని వాక్యముతోను నిలుచుటయే మనకు కావలసినది. అంత చిన్న విషయమునకు ఇంత విచారణ యేల యని అనిపింపవచ్చును. వక్త మనలను నమ్మి తన మాట నిచ్చినాడు. ఆ మాట వేరొకరి పేరున, వేరొక ఊరి పేరున చెలామణి యగుట అతనికిని శాస్త్రమునకును అపచారము. గడుల రకములను శ్రద్ధతో ఏర్పరచుకొన్న శాఖ ఈ అపచారమునకు తావీయకుండ తన సేకరణను రాబోవు పరిశోధకులకు అందింపగలదని మా విశ్వాసము.